గామా కిరణ పీహెచ్‌డీ ప్రకటనలో డేటా సంగతి ముందే రాయండి

గామా కిరణ ఖగోళ భౌతికశాస్త్రంలో ఫెలోషిప్‌తో కూడిన పీహెచ్‌డీ స్థానాలు ప్రకటిస్తున్న పరిశోధన బృందాల నాయకులకు, ఆ స్థానాలకు నిధులిచ్చే కమిటీలకు,

నమస్కారం.

మీ ప్రకటనల్లో బ్లేజార్లు (మన వైపు కణాల ధార విసిరే గెలాక్సీ కేంద్రాలు), పల్సర్లు, సూపర్నోవా అవశేషాలు, కృష్ణ పదార్థం గురించి చక్కగా రాస్తారు. విద్యార్థికి అన్నిటికన్నా ముందు తెలియాల్సిన సంగతులు మాత్రం చాలాసార్లు అందులో కనబడవు. ఏ పరికరం డేటా మీద పని? ఆ డేటా ఈ రోజు చేతిలో ఉందా, ఇంకా రావాలా? దాని మీద వచ్చే పేపరు రాసే హక్కు ఎవరిది? ఈ మూడూ ప్రకటనలోనే రాయమని కోరుతూ ఈ లేఖ. ఇంటర్వ్యూలో చెబుతాం అంటే సరిపోదు. అప్పటికే ఆ విద్యార్థి మరో రెండు అవకాశాలు వదులుకుని వచ్చి ఉంటాడు.

మన రంగంలో ఈ ప్రశ్నకు ఇంత బరువు ఎందుకో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. ఆకాశంలో నిలకడగా బాగా వెలిగే గామా వనరుల్లో, అంటే గామా కిరణాలు వెలువరించే వస్తువుల్లో, క్రాబ్ నెబ్యులా అనే సూపర్నోవా అవశేషం ఒకటి. 1 టీఈవీ (లక్ష కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు) శక్తి పైన దాని నుంచి చదరపు మీటరు మీద పడే ఫోటాన్లు కోటి సెకన్లకు రెండు. అంటే ఏడాదికి ఆరేడు. చదరపు మీటరు వైశాల్యమున్న ఉపగ్రహ పరికరానికి ఆ శక్తి దగ్గర దొరికేది ఏమీ లేదన్నట్టే. అందుకే ఆ శక్తుల దగ్గర వాతావరణాన్నే డిటెక్టరుగా వాడుకుంటాం. గామా ఫోటాన్ గాలిని ఢీకొని కణాల జల్లు పుట్టిస్తుంది, ఆ జల్లు వెలువరించే చెరెన్‌కోవ్ కాంతి నేల మీద సుమారు 120 మీటర్ల వ్యాసార్థంలో పరుచుకుంటుంది. కొన్ని నానోసెకన్లే ఉండే ఆ మెరుపును పెద్ద అద్దాల టెలిస్కోపు పట్టుకుంటుంది. వైశాల్యం ఒక్కసారిగా లక్ష చదరపు మీటర్లకు పెరుగుతుంది కాబట్టి క్రాబ్ నుంచి నిమిషానికి ఒకటో రెండో ఫోటాన్లు దొరుకుతాయి. క్రాబ్‌లో వందో వంతు వెలిగే బ్లేజార్‌ను తీసుకుంటే గంటకు ఒకటి దొరకడమే గగనం. వాటి చుట్టూ వేల సంఖ్యలో ప్రోటాన్ జల్లులు కురుస్తూనే ఉంటాయి, వాటిని వేరు చేసి తీసేయాలి.

అంటే డేటా అన్న మాటకు ఉపగ్రహం విషయంలో ఒక అర్థం, నేల మీది టెలిస్కోపు విషయంలో మరో అర్థం. ప్రకటన ఈ తేడాను దాచకూడదు.

ముందు ఉపగ్రహం సంగతి. 2008 జూన్ 11న ప్రయోగించిన ఫెర్మి అనే గామా ఉపగ్రహంలోని లాట్ పరికరం దాదాపు మూడు గంటలకోసారి ఆకాశమంతా చూస్తుంది. దాని ఫోటాన్ డేటా ఎవరైనా దించుకోవచ్చు. విద్యార్థికి ఇది చాలా మంచి సంగతి. మొదటి వారంలోనే పని మొదలవుతుంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయితే డేటా అందరిదీ కాబట్టి ఫలితమూ తేలిక అనుకోవడం పొరపాటు. ఒక వనరు స్పెక్ట్రం (ఏ శక్తి దగ్గర ఎంత వెలుగో చూపే గీత) తీయాలంటే ఏమేం చేయాలో, ఎక్కడ జారిపడతామో ఇక్కడ రాస్తున్నాం. విద్యార్థికి మొదటి మూడు నెలలు ఇందులోనే గడుస్తాయి కాబట్టి.

వనరు చుట్టూ 10 నుంచి 15 డిగ్రీల వ్యాసార్థంలో ఫోటాన్లు ఎంచుకోవాలి. అంత పెద్ద వలయం ఎందుకంటే, 100 ఎంఈవీ (1 టీఈవీలో పదివేలో వంతు) దగ్గర లాట్ ఒక ఫోటాన్ దిశను సుమారు 5 డిగ్రీల దాకా తప్పు చూపగలదు. అంటే పూర్ణచంద్రుడి వెడల్పుకు పది రెట్లు. 1 జీఈవీ (1 టీఈవీలో వెయ్యో వంతు) దగ్గరికి వచ్చేసరికి అది 0.8 డిగ్రీకి తగ్గుతుంది. జెనిత్ కోణం (ఉపగ్రహం నడినెత్తి నుంచి కొలిచే కోణం) 90 డిగ్రీలు దాటినవి కోసేయాలి, లేకపోతే భూవాతావరణపు అంచు నుంచి వచ్చే గామా కిరణాలు కలిసిపోతాయి. తర్వాత ఫెర్మి సాఫ్ట్‌వేర్‌లోని జీటీఎంకేటైమ్‌తో మంచి కాలాలు వేరు చేయాలి, జీటీఎల్‌టీక్యూబ్‌తో పరికరం ఏ దిశను ఏ కోణంలో ఎంతసేపు చూసిందో లెక్క కట్టాలి. పదిహేనేళ్ల డేటాకు ఈ ఒక్క అంచెకే గంటలు గంటలు పడుతుంది. ఆ తర్వాత వలయంలోని వనరులన్నిటినీ, దానికి బయట ఇంకో 5 నుంచి 10 డిగ్రీల దాకా ఉన్నవాటినీ నమూనాలో పెట్టి, పాలపుంత విస్తరించిన వెలుగునూ చేర్చి లైక్‌లీహుడ్ ఫిట్ (డేటాకు బాగా కుదిరే విలువలు వెతికే లెక్క) చేయాలి.

ప్రోగ్రాం ఆగిపోతే భయం లేదు, తప్పు అక్కడే తెలిసిపోతుంది. భయమల్లా ప్రోగ్రాం చక్కగా నడిచి తప్పు జవాబు ఇచ్చినప్పుడే. సూర్యుడు కూడా గామా వనరే, క్రాంతివృత్తం (ఆకాశంలో సూర్యుడి దారి) దగ్గరున్న బ్లేజార్ పక్కగా ఏటా ఒకసారి వెళతాడు. ఆ రోజులు తీసేయకపోతే లైట్‌కర్వ్‌లో (కాలంతోపాటు వెలుగు మార్పు చూపే గీతలో) ఏడాదికోసారి చిన్న మంట కనబడుతుంది. ఉపగ్రహ కక్ష్య తలం 53 రోజులకోసారి ఒక చుట్టు తిరుగుతుంది, ఎక్స్‌పోజరు (ఆ దిశను ఎంతసేపు, ఎంత బాగా చూశామన్నది) లెక్కలో ఏ లోపమున్నా సరిగ్గా 53 రోజుల ఆవర్తనం కనబడుతుంది. 2018 మార్చిలో ఒక సౌరఫలకాన్ని తిప్పే యంత్రాంగం ఆగిపోయి, పరిశీలన పద్ధతి మార్చాల్సి వచ్చింది. ఆ తర్వాతి కాలంలో వారం వారం లెక్క తీస్తే ఎక్స్‌పోజరు ముందంత సమంగా ఉండదు. పాలపుంత తలం దగ్గరైతే విస్తరించిన వెలుగు నమూనాను కొద్ది శాతం అటూ ఇటూ కదిపితే చాలు, బలహీనమైన వనరు మాయమైపోతుంది. ఇవన్నీ అరలో ఉన్న మాన్యువల్‌లో ఒక్కచోట దొరకవు. పక్కన కూర్చుని చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి బృందంలో ఎవరు, వారానికి ఎంతసేపు దొరుకుతారు అన్నది ప్రకటనలో ఒక్క వాక్యంలో రాయొచ్చు.

నేల మీది టెలిస్కోపుల విషయంలో చిక్కు వేరు. హెస్ నమీబియాలో, మ్యాజిక్ లా పాల్మాలో, వెరిటాస్ అరిజోనాలో, మేస్ లద్దాఖ్‌లోని హాన్లేలో ఉన్నాయి. వీటి డేటా ఆయా బృందాల సభ్యుల చేతిలో ఉంటుంది. చంద్రుడు లేని చీకటి గంటలు ఏడాదికి రమారమి పదిహేను పదహారు వందలు, అందులోంచి మబ్బులు కొంత మింగేస్తాయి. మిగిలిన గంటల కోసం అందరూ పోటీ పడతారు. క్రాబ్‌లో వందో వంతు వెలిగే వనరును 5 సిగ్మా దగ్గర (సిగ్మా అంటే కనబడింది యాదృచ్ఛికం కాదని ఎంత నమ్మొచ్చో చెప్పే కొలత) పట్టుకోవడానికి ఇప్పటి టెలిస్కోపుల వరుసలకు సుమారు 25 గంటలు కావాలి. వనరు ఆకాశంలో తగినంత ఎత్తులో ఉండేది ఏడాదిలో కొన్ని నెలలే.

విద్యార్థి కాలెండరు మీద దీన్ని పరిచి చూడండి. చేరిన ఆరో నెలలో పరిశీలన ప్రతిపాదన పంపాడు. సమయం దక్కింది. వనరు కనబడే రుతువు వచ్చేసరికి పన్నెండో నెల దాటుతుంది. ఆ రుతువు వానల్లో కొట్టుకుపోతే ఇంకో ఏడాది. డేటా వచ్చాక విశ్లేషణ, ఆ పైన వేరే సాఫ్ట్‌వేర్ గొలుసుతో మరొకరు అదే ఫలితం రాబట్టాలి. రెండూ కలవకపోతే ఎందుకు కలవలేదో వెతకాలి, ఒక్కోసారి దీనికే నెలలు పోతాయి. తర్వాత బృందంలోపలి సమీక్ష, ఆ తర్వాత వందలాది సహరచయితల వ్యాఖ్యలు, అప్పటికి జర్నలు గడప ఎక్కుతాం. ఈ నియమాలు ఎత్తేయమని మేం అనడం లేదు. అవి ఉండబట్టే ఈ రంగంలో ప్రకటించిన వనరులు నిలబడ్డాయి. కానీ ఇదంతా 36 నెలల ఫెలోషిప్‌లో ఎలా ఇముడుతుందో ముందే లెక్క వేసుకోవాల్సింది మీరు. ఆ బరువు విద్యార్థి మీద పెట్టకూడదు.

రాబోయే పరికరం మీద మొత్తం థీసిస్ నిలబెట్టడం గురించి ఇంకాస్త గట్టిగా చెప్పాలి. చెరెన్‌కోవ్ టెలిస్కోప్ అరే అబ్జర్వేటరీ సంగతే తీసుకోండి. దాని ఉత్తర స్థలం లా పాల్మాలో 23 మీటర్ల మొదటి పెద్ద టెలిస్కోపును 2018 అక్టోబరులో ప్రారంభించారు. దక్షిణ స్థలం చిలీలోని పరనాల్ దగ్గర. రెండుచోట్లా కలిపి ఇప్పటి ప్రణాళికలో అరవైకి పైగా టెలిస్కోపులున్నాయి. ఇంత పెద్ద నిర్మాణానికి ఆలస్యం సహజం, అందులో ఎవరి తప్పూ వెతకక్కర్లేదు. అయితే 2018లో పూర్తి వరుస డేటా మీద ఆశతో చేరిన విద్యార్థి, ఆ డేటా చూడకుండానే పీహెచ్‌డీ ముగించి ఉంటాడు. అలాగే పరికరం ముగిసిపోవడమూ ఉంటుంది. 2007లో ఎగిరిన ఎజిలే ఉపగ్రహం 2024 ఫిబ్రవరిలో వాతావరణంలోకి తిరిగి వచ్చేసింది. కాబట్టి మా కోరిక ఇది: థీసిస్‌లో మొదటి రెండు అధ్యాయాలకు కావలసిన డేటా విద్యార్థి చేరే రోజుకే డిస్కులో ఉండాలి. కొత్త పరికరం డేటా వస్తే మూడో అధ్యాయం అవుతుంది, రాకపోతే దాని సిమ్యులేషన్ పని ఆ స్థానంలో నిలుస్తుంది. రెండు దారులనూ ప్రకటనలోనే పేర్లతో రాయండి.

చైనాలోని లాసో, మెక్సికోలోని హాక్ లాంటి, నేలకు చేరిన జల్లు కణాలనే పట్టే ఎత్తైన కొండల మీది వేదికలకు రాత్రీ పగలూ తేడా లేదు, ఆకాశంలో పెద్ద భాగాన్ని ఒకేసారి చూస్తాయి. 2022 అక్టోబరు 9న వచ్చిన గామా విస్ఫోటం నుంచి లాసో మొదటి 3000 సెకన్లలో 64,000కు పైగా ఫోటాన్లను పట్టుకోగలిగింది అందుకే. అక్కడ చేరే విద్యార్థికి వాతావరణం బెంగ తక్కువ. డేటా హక్కుల ప్రశ్న మాత్రం అక్కడా అంతే.

ఇప్పుడు సేవాపని. షిఫ్టులు, కాలిబ్రేషన్ (పరికరం కొలత సరిచూడటం), విస్ఫోటాల అలర్టుల కాపలా అన్నీ ఎవరో ఒకరు చేయాలి, విద్యార్థులూ చేయాలి. అందులో నేర్చుకునేది తక్కువేం కాదు. మ్యూయాన్ (కణాల జల్లుల్లో పుట్టే, ఎలక్ట్రాన్‌ను పోలిన బరువైన కణం) వలయాలనే చూడండి. టెలిస్కోపు దగ్గరగా నేలకు దిగే ఒక్క మ్యూయాన్ కెమెరాలో గుండ్రటి ఉంగరంలా కనబడుతుంది. ఆ ఉంగరం వ్యాసార్థం నుంచి చెరెన్‌కోవ్ కోణం తెలుస్తుంది, దాన్నిబట్టి ఎంత కాంతి రావాలో లెక్క కట్టొచ్చు. కెమెరా నిజంగా ఎంత నమోదు చేసిందో దానితో పోల్చితే అద్దం, గరాటు, ఫోటోట్యూబు అన్నీ కలిసి ఎంత కాంతి పోగొడుతున్నాయో బయటపడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ దుమ్ము పట్టి అద్దాల పరావర్తనం తగ్గుతుంది. సిమ్యులేషన్‌లో మాత్రం పాత విలువే ఉండిపోతే ప్రతి జల్లునూ ఉన్నదానికన్నా తక్కువ శక్తిగా చదువుతాం. శక్తి కొలమానం 15 శాతం జారితే, స్పెక్ట్రం సూచిక (శక్తి పెరిగేకొద్దీ వెలుగు ఎంత త్వరగా తగ్గుతుందో చెప్పే సంఖ్య) 2.5 ఉన్న వనరు ఫ్లక్స్ (మనల్ని చేరే ఫోటాన్ల లెక్క) దాదాపు 23 శాతం తప్పుతుంది. ఈ ఒక్క పని శ్రద్ధగా చేసిన విద్యార్థి మొత్తం బృందం ఫలితాలను నిలబెడుతున్నాడు. కానీ ఆ పేపరులో అతని పేరు అక్షరక్రమంలో వందలమంది మధ్య ఉంటుంది. అందుకే ఇలాంటి పనిని థీసిస్‌లో ఒక అధ్యాయంగా లెక్కిస్తామని, దాని మీద అతనే ముఖ్య రచయితగా సాంకేతిక పేపరు రాయొచ్చని ముందే మాట ఇవ్వండి.

అలర్టుల కాపలాకు కూడా ఒక హద్దు చెప్పాలి. 2019 జనవరి 14 నాటి విస్ఫోటాన్ని మ్యాజిక్ ఒక నిమిషం లోపు చూడటం మొదలుపెట్టి టీఈవీ శక్తులను పట్టుకుంది. 2018 జులై 20 నాటి విస్ఫోటాన్ని హెస్ పది గంటల తర్వాత చూసి కూడా పట్టుకుంది. అంటే వెంటనే తిరగడమూ ముఖ్యమే, ఆలస్యంగానైనా వదలకుండా చూడటమూ ముఖ్యమే. ఆ రెండింటికీ రాత్రుళ్లు మేలుకునే మనిషి కావాలి. ఏడాదికి ఎన్ని వారాలు ఈ కాపలా, ఎన్ని వారాలు టెలిస్కోపు దగ్గర షిఫ్టు, ప్రయాణం ఖర్చు ముందే ఇస్తారా లేక విద్యార్థి తన జేబులోంచి పెట్టుకుని నెలల తర్వాత తీసుకోవాలా. ఇవి చిన్న సంగతులుగా కనబడతాయి. ఫెలోషిప్ మీదే బతికే మనిషికి చిన్నవి కావు.

నిధుల కమిటీలకు ఒక్క మాట. 36 నెలలకు డబ్బిచ్చి 48 నెలల పని అడగకండి. నాలుగేళ్లు ఇవ్వలేకపోతే, థీసిస్ రాసుకునే ఆరు నెలలకు హామీని నియామక పత్రంలోనే రాయండి. గైడ్ మంచితనం మీద ఆధారపడే పొడిగింపు హామీ కిందికి రాదు.

అర్హతల జాబితా గురించి. సీ ప్లస్ ప్లస్, పైథాన్, రూట్, మెషీన్ లెర్నింగ్, కణ భౌతికశాస్త్రం, ఖగోళశాస్త్రం అన్నీ వచ్చినవాళ్లే కావాలని రాస్తే, చేయగలిగినవాళ్లు కూడా వెనక్కి తగ్గుతారు. పైథాన్ మూడు నెలల్లో వస్తుంది. గామ్మాపై లాంటి గామా డేటా విశ్లేషణ ప్యాకేజీ వాడకం ఇంకా త్వరగా వస్తుంది. మొదటి రోజు నుంచీ కావలసింది తక్కువ సంఖ్యలతో జాగ్రత్తగా ఆలోచించడం. దాన్ని చూడాలంటే ఇంటర్వ్యూలో ఈ లెక్క ఇవ్వండి. వనరు దిశలో 40 సంఘటనలు. అయిదు రెట్లు పెద్దదైన నేపథ్య ప్రాంతంలో 100. మిగులు ఎంత, దాన్ని ఎంత నమ్మొచ్చు?

మిగులు 20 అని అందరూ చెబుతారు. 20ని 20 వర్గమూలంతో భాగించి 4.5 సిగ్మా అనేవాళ్లుంటారు. నేపథ్యాన్ని కూడా కొలిచే తెలుసుకున్నాం, దానికీ ఊగిసలాట ఉంది అని గుర్తొస్తే అక్కడే ఆగుతారు. 1983 నాటి లి, మా సూత్రం వేస్తే 3.5 వస్తుంది. ఇప్పుడు, ఈ వనరును ఇరవై చోట్ల వెతికి, అందులో బాగున్నదాన్ని చూపిస్తున్నాం అని చెప్పండి. ఇరవై ప్రయత్నాల మూల్యం చెల్లించాక మిగిలేది 2.6 సిగ్మా. అభ్యర్థికి సూత్రం నోటికి రాకపోయినా పర్వాలేదు. "ఎన్ని చోట్ల వెతికారు?" అని తానే అడిగిన అభ్యర్థిని వదులుకోకండి. పుస్తకంలో చదివిన విద్యార్థి కన్నా ఆ ప్రశ్న వేసిన విద్యార్థి రెండో ఏడాదిలో ఎక్కువ దూరం వెళతాడని మా గట్టి నమ్మకం.

ఇక ప్రకటన ఎలా ఉండాలో చెప్పడానికి ఒక నమూనా రాసి పెడుతున్నాం. మీ వివరాలతో మార్చుకోండి.

"మొదటి అధ్యాయం ఫెర్మి లాట్ బహిరంగ డేటాతో, ఎంచుకున్న మూడు బ్లేజార్ల మీద. రెండో అధ్యాయం మా టెలిస్కోపుల దగ్గర ఇప్పటికే ఉన్న 60 గంటల డేటాతో. ఈ డేటా మీద విద్యార్థే ముఖ్య విశ్లేషకుడు, బృందం ఇందుకు రాతపూర్వకంగా ఒప్పుకుంది. రెండో విశ్లేషణ చేసే వ్యక్తిని నియమించాం. మూడో అధ్యాయం కొత్త పరికరం తొలి డేటాతో, అది మూడో ఏడాది మొదటికి రాకపోతే మ్యూయాన్ కాలిబ్రేషన్‌తో. ఏడాదికి నాలుగు వారాల షిఫ్టు, మూడు వారాల అలర్టు కాపలా, ప్రయాణ ఖర్చు ముందుగా. ఫెలోషిప్ 42 నెలలు, అందులో చివరి ఆరు రాతకే."

ఏడు వాక్యాలు చాలు. ఇది రాయలేని స్థితిలో బృందం ఉంటే, అంటే డేటా హక్కు తేలకపోతే, రెండో విశ్లేషకుడు దొరకకపోతే, ఆ స్థానాన్ని ఆరు నెలలు ఆగి ప్రకటించండి.

ఇంకొకటి. ప్రకటనతోపాటు అభ్యర్థులు తడిమి చూసుకోవడానికి చిన్న డేటా కూడా పెట్టండి. 2018లో హెస్ బృందం విడుదల చేసిన పరీక్షా డేటా అందుకు సరిగ్గా సరిపోతుంది. అందులో క్రాబ్ ఉంది, పీకేఎస్ 2155-304 అనే బ్లేజార్ ఉంది, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. క్రాబ్ స్పెక్ట్రం తీయమనండి, గడువు రెండు వారాలు ఇవ్వండి. వచ్చిన సూచిక 2.6 చుట్టూ లేకపోతే ఎందుకు లేదో రాయమనండి. ఆ ఒక్క పేజీ చదివితే అభ్యర్థి గురించి మీకు తెలుస్తుంది. ఈ పని తనకు నచ్చుతుందో లేదో అభ్యర్థికీ సంతకం పెట్టకముందే తెలుస్తుంది.

ఇట్లు,
గామా కిరణ డేటాతో రోజూ పనిచేసే, విద్యార్థులకు ఆ పని నేర్పే కొందరు పరిశోధకులు